మోడెం లైటు ఆగితే తెలిసింది, మీసం తీసేస్తే తెలియలేదు. ఎందుకు?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీరు పుస్తకం చదువుకుంటున్నారు. గది మూలన మోడెం లైటు మినుకుమినుకుమంటోంది, మీ చూపు దానిమీద లేదు. అది ఆగిపోగానే మీ తల దానంతటదే అటు తిరిగింది. అదే వారం మీవారు మీసం తీసేశారు. రెండు రోజులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నా మీకు తెలియలేదు, చివరికి ఆయనే చెప్పాల్సి వచ్చింది. "మెదడు మార్పులను దానంతటదే పట్టేస్తుందని చదివాను. అంత చిన్న లైటును పట్టి, ఇంత దగ్గరి ముఖాన్ని ఎలా వదిలేసింది? నాలో ఏమైనా లోపమా? సాధనతో మెరుగుపడుతుందా?" అని అడిగారు. మీ ఉద్యోగంలో రెండు ఫొటోలు పోల్చి తేడాలు వెతకాల్సి వస్తుందని కూడా రాశారు.

లోపం ఏమీ లేదు. మీవారు నొచ్చుకుని ఉంటే ఈ జవాబు ఆయనకూ చూపించండి. నేను చాలా ఏళ్లుగా ఈఈజీ ప్రయోగాలు చేస్తున్నాను. తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి, తెరమీద బొమ్మలు చూపించి, వాటికి మెదడులో పుట్టే అతిచిన్న విద్యుత్ మార్పులను కొలవడం నా పని. ఆ అనుభవంతో చెబుతున్నాను: "మార్పును గమనించడం" అని మనం ఒకే మాటతో పిలిచేది నిజానికి మూడు వేర్వేరు పనులు. మీ లైటు మొదటి రెండింటి చేతికి చిక్కింది. మీసం మూడోదాని వాటా. ఆ మూడోది మనందరిలోనూ బలహీనమే.

మొదటిది కంట్లోనే మొదలవుతుంది. రెటీనాలో, అంటే కంటి లోపలి వెనక పొరలో, కాంతిని అందుకునే కణాలు పన్నెండు కోట్లకు పైగా ఉంటాయి. అక్కడినుంచి మెదడుకు వెళ్లే నాడీ తంతువులు సుమారు పది లక్షలే. అంటే ఉన్నదంతా ఉన్నట్టు పంపడానికి దారే లేదు. అందుకని కన్ను ముఖ్యంగా తేడాలను పంపుతుంది: ఈ చోటికీ పక్క చోటికీ ఉన్న తేడా, ఈ క్షణానికీ ముందు క్షణానికీ ఉన్న తేడా. 1938లో కెఫర్ హార్ట్‌లైన్ కప్ప కంటినుంచి వచ్చే తంతువులను ఒక్కొక్కటిగా వేరుచేసి కొలిచినప్పుడు, కొన్ని లైటు వేసినప్పుడు మాత్రమే, కొన్ని ఆర్పినప్పుడు మాత్రమే, కొన్ని రెండుసార్లూ స్పందించాయి. ఆర్పడం కూడా ఒక వార్తే అన్నమాట. మీ మోడెం లైటు కథకు మూలం ఇక్కడే ఉంది.

మార్పు లేనిదాన్ని కన్ను ఎంతగా వదిలేస్తుందో మీరే ఇప్పుడు చూడవచ్చు. తెల్ల కాగితం మధ్యలో పెన్నుతో ఒక చుక్క పెట్టండి. దానికి నాలుగు వేళ్ల దూరంలో, అంచులు అలుక్కుపోయినట్టు ఉండేలా పెన్సిలుతో లేతగా ఒక మచ్చ దిద్దండి. ఒక కన్ను మూసి, రెప్ప వీలైనంత తక్కువగా వేస్తూ చుక్కనే చూడండి. పది ఇరవై సెకన్లలో ఆ మచ్చ పలచబడి, కాగితంలో కలిసిపోతుంది. చూపు కాస్త కదిపితే తిరిగి వచ్చేస్తుంది. స్విట్జర్లాండ్ వైద్యుడు ఇగ్నాజ్ ట్రాక్స్‌లర్ దీన్ని 1804లోనే రాశాడు. 1950ల్లో పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేసి, కంటికి అంటించిన చిన్న పరికరాలతో బొమ్మ కూడా కంటితోపాటే కదిలేలా చేశారు. రెటీనామీద అది వెంట్రుకవాసి అయినా జరగదు కాబట్టి కొద్ది సెకన్లలో బొమ్మ మొత్తం మాయమైంది. మనం ఒకచోట నిలకడగా చూస్తున్నామని అనుకునేటప్పుడు కూడా కనుగుడ్డు సన్నగా వణుకుతూనే ఉంటుంది. ఆ వణుకే లేకపోతే ఎదురుగా ఉన్న గోడ కూడా మనకు నిలవదు.

ఇంకో సాక్ష్యం మీ కంట్లోనే ఉంది. రెటీనాకు రక్తం అందించే నాళాలు కాంతి కణాలకు ముందువైపు ఉంటాయి, వాటి నీడ జీవితమంతా కణాలమీద పడుతూనే ఉంటుంది. కదలని నీడ గనక మనకు కనిపించదు. కంటి డాక్టరు లైటును పక్కనుంచి వేసి కదిపినప్పుడు ఎండిన చెట్టుకొమ్మల్లాంటి గీతలు ఒక్క క్షణం మెరుస్తాయే, అవి ఈ నాళాల నీడలే. కాంతి జరిగింది, నీడ జరిగింది, అందుకని కనిపించింది.

మెదడులోకి వెళ్లాక కూడా ఇదే వరస. డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజెల్ 1958లో జాన్స్ హాప్కిన్స్‌లో పిల్లి దృష్టి ప్రాంతంలోని ఒక కణం దేనికి స్పందిస్తుందో కనుక్కోవడానికి గంటల తరబడి తంటాలు పడ్డారు. గాజు పలకమీద నల్లచుక్క పెట్టి చూపించారు. కణం దాదాపు పట్టించుకోలేదు. ఒకసారి పలకను ప్రొజెక్టరులోకి తోస్తుంటే కణం సంకేతాలను వినిపించే స్పీకరు ఒక్కసారిగా టపటపమని మోగడం మొదలుపెట్టింది. చుక్కకు కాదు. తోసేటప్పుడు గాజు అంచు నీడ సన్నని గీతలా కంటికి అడ్డంగా కదిలింది, దానికి. ఒక ప్రత్యేకమైన వాలులో కదిలే గీతకు స్పందించే కణాలున్నాయని అలా బయటపడింది. 1981లో వారికి నోబెల్ తెచ్చిపెట్టిన పని అది. నాకు ఇందులో బాగా నచ్చేది ఏమిటంటే, వారు పెట్టిన చుక్కను వదిలేసి, పెట్టడంలో జరిగిన కదలికను పట్టుకుంది ఆ కణం.

దీన్ని నేను "కుదుపు" అంటాను. ఒకచోట వెలుతురు ఉన్నట్టుండి పెరిగినా తగ్గినా ఏదైనా జరిగినా పుట్టే సంకేతం ఇది. చూపు మధ్యభాగంలో అక్షరాలు చదవగల పదును ఉంటుంది. అది చేయి చాపితే బొటనవేలి గోరంత మేర మాత్రమే. మిగతా విశాలమైన అంచులకు పదును లేకపోయినా మినుకు, కదలిక బాగానే తెలుస్తాయి. అంచులో కుదుపు పుడితే చూపు అటు తిప్పే ఏర్పాటు మెదడులో లోతుగా, మనల్ని అడగకుండానే పనిచేస్తుంది. మీ తల తిరిగింది ఇలాగే.

మరి ఈ కుదుపు లేకుండా మార్పు జరిగితే? మీసం కథకు ఇదే కీలకం. 1997లో రోనాల్డ్ రెన్సింక్, కెవిన్ ఓరీగన్, జేమ్స్ క్లార్క్ చేసిన ప్రయోగం చాలా సులువైనది. ఒక ఫొటో 240 మిల్లీసెకన్లు చూపించారు, తర్వాత 80 మిల్లీసెకన్లు ఖాళీ బూడిదరంగు తెర, తర్వాత ఒక పెద్ద మార్పు ఉన్న అదే ఫొటో, మళ్లీ ఖాళీ. ఇలా తిప్పుతూనే ఉన్నారు. రెప్పపాటు కన్నా తక్కువసేపు వచ్చే ఆ ఖాళీ తీసేస్తే మార్పు కంట్లో పొడిచినట్టు తెలుస్తుంది. ఖాళీ ఉంటే మాత్రం విమానం ఇంజను మాయమవుతున్నా వెతుక్కుంటూ కూర్చుంటాం. ఖాళీ తెర వచ్చిన ప్రతిసారీ ఫొటోలోని అన్ని చోట్లా ఒకేసారి కుదుపు పుడుతుంది. ఊరంతా ఒకేసారి అరిస్తే ఎవరి కేక ఎక్కడిదో తెలియదు కదా, అలాగ. 1999లో వీరే ఖాళీ తెర కూడా లేకుండా, మార్పు జరిగే క్షణంలో బొమ్మమీద వేరేచోట్ల బురద చిందినట్టు కొన్ని మచ్చలు మెరిపించారు. మార్పును ఏదీ కప్పలేదు. అయినా చాలామందికి తెలియలేదు.

నిజ జీవితంలో ఈ ఖాళీ తెర పని రెప్పపాటు చేస్తుంది, సెకనుకు మూడుసార్లు గెంతే చూపు చేస్తుంది, గదిలోంచి బయటికి వెళ్లి రావడం చేస్తుంది. 1998లో డేనియల్ సైమన్స్, డేనియల్ లెవిన్ రాసిన ప్రయోగంలో ఒక వ్యక్తి బాటసారిని దారి అడుగుతాడు. మాట్లాడుతుండగా ఇద్దరు ఒక పెద్ద తలుపు మోసుకుంటూ వారి మధ్యలోంచి వెళతారు. ఆ చాటున దారి అడిగినవాడు తప్పుకుంటాడు, అతని చోటులో వేరే మనిషి నిలబడతాడు. ఎత్తు వేరు, బట్టలు వేరు, గొంతు వేరు. పదిహేను మంది బాటసారుల్లో ఎనిమిది మంది ఏమీ తేడా లేనట్టు దారి చెబుతూనే పోయారు. మీసం గుర్తించలేదని బాధపడే ముందు ఈ ఎనిమిది మందిని గుర్తుచేసుకోండి. మీవారు మీసం తీసింది మీ కళ్లముందు కాదు, అద్దం ముందు. మీరు చూసింది ఒక ముఖం, కొన్ని గంటల తర్వాత మరో ముఖం. మధ్యలో కుదుపే లేదు.

ఇక రెండో పనికి వస్తాను. నా జీవితంలో ఎక్కువ భాగం దీనికే పోయింది కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను.

కుదుపు అంటే ముందు క్షణంతో పోలిక. అయితే మెదడు అంతకన్నా పెద్ద లెక్క కూడా చూస్తూ ఉంటుంది: "ఇప్పటిదాకా ఏ వరుస నడుస్తోంది, ఇప్పుడు వచ్చింది ఆ వరుసలోదేనా?" ఇది మొదట చెవి విషయంలో తెలిసింది. 1978లో ఫిన్లండ్‌కు చెందిన రిస్తో నాటనెన్, ఇద్దరు సహచరులతో కలిసి, ఒకే శబ్దం పదేపదే వినిపిస్తూ మధ్యమధ్య అరుదుగా వేరే శబ్దం పెడితే, వినేవాడి ధ్యాస వాటిమీద లేకపోయినా అరుదైన శబ్దానికి మెదడు తరంగంలో ఒక అదనపు దిగుడు వస్తుందని చూపించాడు. దాని పేరు మిస్‌మ్యాచ్ నెగెటివిటీ. కళ్లకు కూడా ఇలాంటిది ఉందా అన్న వాదన చాలా ఏళ్లు నడిచింది. బుడాపెస్ట్‌లో ఇస్త్వాన్ త్సీగ్లెర్ బృందం 2002లో రంగులతో చేసిన ప్రయోగం, ఆ తర్వాత ఫిన్లండ్, జపాన్ వంటి చోట్ల జరిగిన పని కలిసి ఉందని గట్టిగా నిలబెట్టాయి. దీన్ని విజువల్ మిస్‌మ్యాచ్ నెగెటివిటీ అంటారు.

ఒక రికార్డింగు ఎలా ఉంటుందో చెబుతాను. వెలుతురు తగ్గించిన గదిలో మనిషిని కూర్చోబెడతాం. తలకు అరవై నాలుగు ఎలక్ట్రోడ్ల టోపీ పెట్టి, ఒక్కో రంధ్రంలో జెల్ నింపుతాం. ఇదే గంటసేపు పడుతుంది. తెర నడుమ ఒక చిన్న కూడిక గుర్తు ఉంటుంది. అప్పుడప్పుడూ దాని నిలువు గీతో అడ్డగీతో కొంచెం పొడవవుతుంది, వెంటనే బటన్ నొక్కాలి. ఆ మనిషికి మేం చెప్పే పని ఇంతే. ఈ గుర్తు చుట్టూ వాలుగీతల గుంపు ఒకటి పదో వంతు సెకను మెరిసి పోతుంటుంది, కొద్ది విరామం, మళ్లీ మెరుస్తుంది. పదిలో తొమ్మిదిసార్లు గీతలు కుడికి వాలి ఉంటాయి, ఒకసారి ఎడమకు. వాటిని పట్టించుకోవద్దంటాం. పట్టించుకునే తీరికా ఉండదు, నడుమ గుర్తు పని అంత గట్టిగా పెడతాం.

మానిటరులో చూస్తే ఏమీ తెలియదు. మెదడు మామూలు అలలే పది ఇరవై మైక్రోవోల్టులు ఎగసిపడుతుంటాయి. రెప్ప వేస్తే వంద దాటే కొండ లేస్తుంది. మేం వెతికేది ఒకటి రెండు మైక్రోవోల్టుల తేడా, అంటే వోల్టులో పది లక్షల వంతు ఒకటి రెండు. అందుకని వంద ఎడమ వాలు గీతలకు వచ్చిన స్పందనలను, అవి మెరిసిన క్షణం దగ్గర కలిపి, సగటు తీస్తాం. గీతలకు సంబంధం లేని అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వంద కలిపితే ఆ రొద పదో వంతుకు పడిపోతుంది. కుడి వాలు గీతలకూ అలాగే చేసి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తాం. అప్పుడు తల వెనకభాగం ఎలక్ట్రోడ్లలో, గీతలు మెరిసిన 150 మిల్లీసెకన్ల తర్వాత మొదలై 300 దాకా సాగే ఒక చిన్న దిగుడు మిగులుతుంది. సెకనులో మూడో వంతు లోపే మెదడు "ఇది వరుసలోది కాదు" అని తేల్చేసింది. టోపీ తీస్తూ "చుట్టూ ఏమైనా మారడం చూశారా?" అని అడిగితే "ఏవో గీతలు వచ్చాయి, ఎటున్నాయో చూడలేదు" అన్నవాళ్లున్నారు. ఎన్నో ఏళ్లుగా చూస్తున్నా, ఆ మాటనూ తెరమీది దిగుడునూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇక్కడ చురుకైన పాఠకుడు ఒక అభ్యంతరం చెబుతాడు, చెప్పాలి కూడా. కుడి వాలు గీతలకు స్పందించే కణాలు పదేపదే పనిచేసి అలసిపోయాయి. ఎడమ వాలు కణాలు తాజాగా ఉన్నాయి. తాజా కణాలు గట్టిగా స్పందించాయి, అంతే. వరుస లేదు, లెక్క లేదు, గమనించడం లేదు. ఈ అభ్యంతరం తేలికైంది కాదు. తొలినాటి ఫలితాల్లో చాలావాటిని ఇది నిజంగానే కొట్టిపారేయగలదు.

దీనికి విరుగుడు తెలివైనది. ఇంకో విడతలో అదే ఎడమ వాలు గీతలను పదిలో ఒకసారే చూపిస్తాం. మిగతా తొమ్మిదిసార్లూ ఒకే వాలు కాకుండా తొమ్మిది రకాల వాలులు కలగాపులగంగా చూపిస్తాం. ఇక్కడ కూడా ఎడమ వాలు కణాలు అంతే తాజాగా ఉంటాయి. ఎడమ వాలు అంతే అరుదు. లేనిది ఒక్కటే, వరుస. వరుస ఉన్నప్పటి స్పందనలోంచి ఈ స్పందన తీసేశాక కూడా ఏమైనా మిగిలితే, అది అలసట వల్ల వచ్చింది కాదు. మోతోహిరో కిమురా బృందం 2009లో ఇలా చేసి చూస్తే, 100 నుంచి 150 మిల్లీసెకన్ల మధ్య కనిపించే తొలి తేడా అలసట ఖాతాలోకే వెళ్లింది. 200 నుంచి 250 దగ్గరి తేడా మాత్రం నిలిచింది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఈ విరుగుడు విడత లేకుండా "మెదడు మార్పును పసిగట్టింది" అని రాసిన వ్యాసం దేన్నైనా అనుమానంతోనే చదవండి.

అలసట వాదానికి పూర్తిగా అందనివి ఇంకా ఉన్నాయి. రంగులు ఒక క్రమంలో మారుతూ వచ్చే వరుసలో, మారాల్సిన చోట మారకుండా అదే రంగు మళ్లీ వస్తే కూడా ఈ దిగుడు వస్తుంది. త్సీగ్లెర్ బృందమే 2006లో చూపించింది. ఇక్కడ మెదడును కదిలించింది మార్పు కాదు, మార్పు రాకపోవడం. మీ మోడెం లైటు మినుకు ఆగడం కూడా ఈ కోవదే. బొమ్మలు చాలా వేగంగా వచ్చే వరుసలో ఒకటి అసలు రాకపోయినా, ఆ ఖాళీకి స్పందన కనిపిస్తుంది. వరుస నెమ్మదిగా ఉంటే అది దొరకదు. ముఖాల విషయం మరీ ఆశ్చర్యం. చూపు అంచుల్లో వేర్వేరు మనుషుల ముఖాలు చూపిస్తూ, అందరి ముఖాల్లో ఒకే భావం పెట్టి, ఎప్పుడో ఒకసారి భావం మారిస్తే, ధ్యాస నడుమ పనిమీద ఉన్నా మెదడు ఆ మార్పును పట్టుకుంటుంది. ప్రతిసారీ మనిషి మారుతున్నాడు, కాబట్టి ఒకే బొమ్మ వెంటవెంటనే రెండుసార్లు రాలేదు. "అందరూ భయంగా ఉన్నారు, ఈయన నవ్వుతున్నాడు" అన్నంత ఎత్తులో వరుస కట్టుకుందన్నమాట.

ఇదంతా ఎలా జరుగుతుందో వివరించే ఆలోచనల్లో నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది ఒకటుంది. 1960ల్లోనే మాస్కోలో సొకొలోవ్ అనే శాస్త్రవేత్త, మెదడు చుట్టూ జరిగేదానికి ఒక నమూనా కట్టుకుంటుందనీ, వచ్చింది ఆ నమూనాకు సరిపోనప్పుడే ఉలిక్కిపడుతుందనీ చెప్పాడు. 1999లో రాజేశ్ రావు, డానా బాలార్డ్ దాన్ని దృష్టికి సంబంధించి లెక్కల్లో పెట్టారు: మెదడు పై అంతస్తులు "ఇప్పుడు ఇది వస్తుంది" అని కిందికి అంచనా పంపుతాయి, కింది అంతస్తులు అంచనాకూ వచ్చినదానికీ ఉన్న తేడాను మాత్రమే పైకి పంపుతాయి. ఈ లెక్కలో మేం కొలిచే దిగుడు ఆ తేడా కేకే. 2016లో జోర్డన్ హామ్, రఫాయెల్ యూస్తే ఎలుకల దృష్టి ప్రాంతంలో సొమాటోస్టాటిన్ అనే రసాయనం ఉన్న ఒక రకం నిరోధక కణాలను (పక్క కణాల పనిని తగ్గించే కణాలను) అణిచివేసి చూశారు. గీతలకు మామూలు స్పందన ఉంది. వరుస తప్పినదానికి వచ్చే అదనపు స్పందన పోయింది. చూడటం వేరు, తేడా లెక్క వేయడం వేరు అనడానికి ఇంతకన్నా దగ్గరి ఆధారం నాకు తెలియదు.

"దానంతటదే" అన్న మాట గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. మనం అడగకపోయినా జరుగుతుంది అన్నంతవరకు అది నిజం. దేనివల్లా ప్రభావితం కాదు అని మాత్రం కాదు. నడుమ పని కష్టతరం చేస్తే ఈ స్పందన మారిన ప్రయోగాలూ ఉన్నాయి, మారనివీ ఉన్నాయి. అసలు విషయం, దీనికి జ్ఞాపకం చాలా పొట్టిది. బొమ్మకూ బొమ్మకూ మధ్య 400 మిల్లీసెకన్ల ఎడం ఉన్నప్పుడు కనిపించిన దిగుడు, ఎడం 1100 మిల్లీసెకన్లకు పెంచితే కనిపించని ప్రయోగం ఉంది. ఒక సెకను! మీవారి పాత ముఖానికీ కొత్త ముఖానికీ మధ్య పోయింది ఒక రాత్రి. ఈ రెండో కాపలాదారుకు అది లెక్కలోనే లేదు.

అందుకే మీసం మూడో పనికి మిగిలింది. జ్ఞాపకంలోంచి పాత ముఖం తీసి, కొత్త ముఖం పక్కన పెట్టి, పోల్చడం. ఇది దానంతటదే జరగదు, పనిగట్టుకుని చేయాలి. ఒక చూపులో మనం గట్టిగా పట్టి ఉంచుకోగలిగేవి మూడు నాలుగు వస్తువులే అని స్టీవెన్ లక్, ఎడ్వర్డ్ వోగెల్ 1997లో చూపించారు. పైగా బాగా తెలిసిన ముఖాన్ని మనం వివరంగా చూడం. "ఈయనే" అని గుర్తుపట్టాక మెదడుకు ఆ ముఖంతో పని అయిపోతుంది, మాటమీదికీ మనసుమీదికీ వెళ్లిపోతుంది. కొత్తవాళ్లెవరైనా అయితే మీరు ఇంకాస్త పరిశీలించేవారేమో. దగ్గరితనమే ఇక్కడ అడ్డం వచ్చింది తప్ప నిర్లక్ష్యం కాదు.

వైద్యం గురించి ఎవరైనా అడుగుతారని రెండు మాటలు. కోమాలో ఉన్నవారిలో శబ్దాల మిస్‌మ్యాచ్ స్పందన కనిపిస్తే మెలకువ వచ్చే అవకాశం మెరుగని చాలా అధ్యయనాలు చెప్పాయి. స్కిట్జోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవారిలో ఆ స్పందన తగ్గుతుందన్నది బాగా స్థిరపడిన ఫలితం. అవి గుంపుల సగటులు. ఒక మనిషికి ఈ పరీక్ష చేసి జబ్బు ఉందో లేదో చెప్పడం కుదరదు. కళ్ల స్పందన విషయంలో అసలే కుదరదు. ఎవరైనా డబ్బు తీసుకుని చెబుతామంటే నమ్మకండి.

చివరగా సాధన, మీ ఫొటోల సంగతి. మొదటి రెండింటినీ సాధనతో పెంచుకోవడానికి మీరు చేయగలిగింది పెద్దగా లేదు, అవసరమూ లేదు, అవి ఇప్పటికే అద్భుతంగా పనిచేస్తున్నాయి. మూడోదానికి సాధన పనికొస్తుంది గానీ, ఏ రకం బొమ్మలమీద చేస్తే ఆ రకానికే ఎక్కువగా. మీకు నా సలహా వేరు: మూడోదాని పనిని మొదటిదానికి అప్పగించండి. పక్కపక్కన పెట్టి చూస్తే మీ చూపు ఒకదానిమీదనుంచి ఇంకోదానిమీదికి గెంతాలి, గెంతిన ప్రతిసారీ కుదుపు చెరిగిపోతుంది, ఇక జ్ఞాపకమే గతి. దాని బదులు రెండు ఫొటోలనూ సాఫ్ట్‌వేర్‌లో ఒకదానిమీద ఒకటి లేయర్లుగా పెట్టండి. అంచులు, స్థిరంగా ఉండే గుర్తులు సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చునేలా జరపండి. తర్వాత పై లేయరును చూపిస్తూ దాస్తూ ఉండండి, సెకనుకు రెండు మూడుసార్లు. మధ్యలో ఖాళీ తెర రాకూడదు, రెప్పపాటంత కూడా. వెలుతురు, రంగు రెండింట్లో ముందే సమం చేసుకోండి, లేకపోతే బొమ్మంతా మినుకుమంటుంది.

1930 ఫిబ్రవరి 18న క్లైడ్ టాంబా చేసింది ఇదే. అమెరికాలోని లొవెల్ అబ్జర్వేటరీలో, జనవరి 23న, 29న మిథున రాశివైపు తీసిన రెండు ఫొటో ప్లేట్లను బ్లింక్ కంపారేటర్ అనే యంత్రంలో పెట్టి, ఒకటి తర్వాత ఒకటి అదే చోట కనిపించేలా తిప్పుతూ చూశాడు. వేలకు వేల నక్షత్రాలు కదలకుండా ఉన్నాయి. ఒక మసక చుక్క మాత్రం ఇటూ అటూ గెంతింది. అది ప్లూటో. అప్పుడతనికి ఇరవై నాలుగేళ్లు. ప్లేట్లను పక్కపక్కన పెట్టుకుని ఒక్కో నక్షత్రాన్నీ పోల్చుకుంటూ కూర్చుంటే ఆ చుక్క దొరికేదని నేననుకోను. మీ ఫొటోల్లో తేడా ఉన్నచోటు కూడా అలాగే గెంతుతుంది. ఒక జత మీద ప్రయత్నించి ఎలా వచ్చిందో రాయండి. అంచులు కూర్చోబెట్టడంలో ఇబ్బంది వస్తే ఎక్కడ ఆగిపోయారో చెప్పండి, చూద్దాం.